అట్టముక్క మీది మరకలు

కోకాపేటలో మా అపార్టుమెంటు సెల్లారులో ఏ బండి నుంచో ఇంజిన్ ఆయిల్ వాసన వస్తే చాలు, నా కాళ్లు ఆగిపోతాయి. పక్కవాళ్లు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం మా పాత బాస్ ఓబుల్‌రెడ్డిగారు ఎదురొచ్చి నిలబడినట్టుంటుంది.

తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజుల్లో మాదాపూర్‌లో ఆయన చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేవాణ్ణి. కడప మనిషి. సగం జీవితాన్నీ, మొత్తం జుట్టునూ ఒక పాత ఇంగ్లండు స్పోర్ట్స్ కారుకు సమర్పించుకున్నారు. రెండే సీట్లు, పైకప్పు లేదు. వీధికుక్కలు సైతం దాన్ని తలవంచి చూడాల్సినంత పొట్టిది. రోజూ సాయంత్రం దాని కింద అట్టముక్క పరిచేవారు. పొద్దున్నే ఆ అట్టమీది మరకల్ని జాతకచక్రం చూసినట్టు చూసి, ఇవాళ గేర్‌బాక్సు అలిగిందనో, బ్రేకులు బెంగపడ్డాయనో తేల్చేవారు. నేను కొత్తగా కొన్న కారును గర్వంగా చూపిస్తే చుట్టూ తిరిగి, కిందికి వంగి చూశారు. "ఒక్క చుక్కా కార్లేదే. ఏందో దాస్తాంది" అన్నారు.

ఒక బంద్ రోజు ఆఫీసులో ఉండగా లింగంపల్లి ఆసుపత్రి నుంచి మా అత్తగారు ఫోన్ చేశారు. కాన్పుకు వెంటనే ఆపరేషన్ చేయాలట. మా ఆవిడేమో నన్ను చూడందే లోపలికి పోనని మొండికేసిందట. పరుగెత్తుకెళ్లి కూర్చుంటే నా కొత్త కారు ఒక పసుపు దీపం వెలిగించి సమాధిలోకి వెళ్లిపోయింది. ఎందుకో చెప్పదు. ఓబుల్‌రెడ్డిగారు తన కారెక్కమన్నారు. అది చేరుతుందా అని నసిగాను.

"నీదాన్ని నమ్మి నువ్వు ఒక్కనాడూ మూత తీసి సూడ్లేదు. నాదాన్ని నేను నమ్మను అబ్బీ, అందుకే దినామూ సూస్తా. ఎక్కు."

కొండాపూర్‌లో రాస్తారోకో. బండి ఆపమన్నారు. ఆపిన ఇంజిను మళ్లీ పలకలేదు. జెండా పట్టుకున్న యువకుడొకడు మమ్మల్ని ఎగాదిగా చూసి, ఏ ఊరని అడిగాడు. ఓబుల్‌రెడ్డిగారు దాచకుండా కడప అన్నారు. నా గుండె సైలెన్సర్లోకి జారింది. మా ఆవిడ సంగతి గడగడా చెప్పేశాను. అతను నన్నూ, కారునూ మార్చి మార్చి చూశాడు. ఇద్దరిలో ఎవరిమీదా నమ్మకం కుదిరినట్టు లేదు.

"దవాఖానకు గీ బండిల పోతున్నవా అన్నా? ఆపుడు మేమే, నూకుడు గూడ మేమేనా?" అంటూ జెండా పక్కవాడికిచ్చి భుజం ఆనించాడు. నినాదం లయ తప్పకుండా సగం ఉద్యమం మమ్మల్ని తోసింది. కారు ఫిరంగిలా పేలి కదిలింది. వెనక నల్లటి పొగలో నినాదం దగ్గుగా మారింది.

మసి కొట్టుకున్న నన్ను మా ఆవిడ గుర్తుపట్టలేదు. గొంతు విని లోపలికి వెళ్లింది. అమ్మాయి పుట్టింది. చెబుదామని బయటికొస్తే ఓబుల్‌రెడ్డిగారు కారు కింద పడుకుని ఉన్నారు. బిడ్డ బాగానే ఉందని డాక్టరు చెప్పారన్నాను.

"వాళ్లు సెప్తే ఐపాయనా? పోయి నువ్వు సూస్కో."

ఆయన ఇప్పుడు లేరు. నా కారు తెర మీద అంతా సవ్యమేనని రోజూ రాసి చూపిస్తుంది. నేను రోజూ కింద అట్టముక్క పరుస్తాను. అదెప్పుడూ తెల్లగానే ఉంటుంది. స్కూలు నుంచి వచ్చిన మా అమ్మాయి, బాగానే ఉన్నా నాన్నా అని గదిలోకి పోబోతుంది. ఆగమని, కాస్త వంగి మొహంలోకి చూస్తాను.