ఫిల్మ్ పట్టుకున్న వేలు

మా ఆయన పళ్ల డాక్టరు. తొంభైల మొదట్లో మేడ్చల్ రోడ్డు మీద రెండు షట్టర్ల గది తీసుకుని క్లినిక్ పెట్టాడు. చీటీలు రాసేది నేనే, దూది ఉండలు చుట్టేది నేనే, ఎక్స్‌రే బటన్ నొక్కేది కూడా నేనే. అల్వాల్‌లో డిగ్రీ దాకా చదివించింది ఇందుకా అని మా అమ్మ ఎత్తిపొడిచేది.

పన్నుకు ఎక్స్‌రే తీయాలంటే అగ్గిపెట్టెలో సగమంత ఉండే ఫిల్మ్‌ను నోట్లో పెట్టి, పన్ను వెనక ఆనించి, కదలకుండా పట్టుకోవాలి. పట్టుకోవాల్సింది పేషెంటు. ఆయన చదివిన పుస్తకాల్లోనూ అదే ఉంది. పేషెంటుకు ఆ కిరణాలు ఎప్పుడో ఒకసారి తగులుతాయి, తాను పట్టుకునే డాక్టరుకు రోజూ తగులుతాయి. కానీ మా దగ్గరికి వచ్చేవాళ్లు ఫిల్మ్ నాలుకకు తగలగానే ఓక్కుమనేవాళ్లు. వేలు జారేది, ఫిల్మ్ పాడయ్యేది. పాపం వాళ్లకు రెండుసార్లు ఎందుకని ఆయనే తన చూపుడు వేలు లోపల పెట్టి పట్టుకునేవాడు. నేను గోడ అవతల, పొడుగు వైరున్న బటన్ చేత్తో పట్టుకుని నిలబడేదాన్ని. లోపలినుంచి "నొక్కు" అనేవాడు. నొక్కేదాన్ని.

ఆ వేలు ఎంత మెత్తగా పడుతుందో అని బయటికొచ్చిన ప్రతివాళ్లూ నాకే చెప్పేవాళ్లు. నొప్పే తెలియలేదమ్మా, సారు చెయ్యి మంచిది అని. ఊరందరి నోళ్లలో తిరిగే ఆ మెత్తదనం ఇంటికొచ్చేసరికి ఎక్కడ మాయమయ్యేదో నాకు తెలియదు. ఇంట్లో ఆయన చాయ్ గ్లాసు కూడా టకీమని పెట్టేవాడు.

అట్లాంటి రోజుల్లో శామీర్‌పేట నుంచి ఒక టీచరమ్మ రావడం మొదలుపెట్టింది. పై పన్నులో నరం తీసే పని. ఒక్కరోజులో అయ్యేది కాదు, వచ్చినప్పుడల్లా ఎక్స్‌రే. మనిషి బాగుండేది. ఎందుకు అబద్ధం చెప్పాలి, చాలా బాగుండేది. ఆమె వచ్చే రోజున ఆయన ఇస్త్రీ షర్టు వేసుకుంటాడని నా అనుమానం. ఇస్త్రీ చేసేదీ నేనే, అది వేరే సంగతి.

ఫిల్ములు కడిగి క్లిప్పుకు తగిలించి ఆరబెట్టే పని నాదే. ఒకరోజు ఆమె ఫిల్మ్ కడిగి కిటికీ వెలుతురుకు పెట్టి చూశాను. ఆమె పళ్లకు అడ్డంగా ఇంకేదో ఉంది, సన్నగా, కొసన గుండ్రంగా. పన్ను కాదు. ఏమిటిదని అడిగితే ఆయన చూసి నవ్వాడు.

"గది నా ఏలు బొక్కనే. ఏలు ముంగటికి జరిగినట్టుంది."

పరాయి ఆడదాని దవడ, నా మొగుడి ఎముక, రెండూ ఒకే ఫోటోలో! మా పెళ్లి ఫోటోలో కూడా మేమిద్దరం అంత దగ్గరగా లేము, మధ్యలో మా ఆడబిడ్డ దూరింది. ఒళ్లు భగ్గున మండింది. ఈ ఫిల్మ్ పనికిరాదు, మళ్లీ తీయాలి అన్నాడాయన తాపీగా. మళ్లీ తీయడమంటే మళ్లీ వేలు పెట్టడం.

ఆ రోజు ఇంటికి పోతూ స్కూటర్ మీదే గొడవ పెట్టుకున్నాను. నాకు కుళ్లుగా ఉందని చెప్పుకుంటే పరువు పోతుంది, అందుకని రేడియేషన్ అన్నాను. ఆ మాట నాకు భలే కలిసొచ్చింది. మొగుడి ఆరోగ్యం కోసం పోరే ఇల్లాలినైపోయాను. ఆయన పుస్తకాలే తిరగేసి, ఇట్లా ఫిల్ములు పట్టుకున్న పాతకాలం డాక్టర్లకు వేళ్లు ఎండి పుండ్లు పడటం, కొందరికి కోసేయాల్సి రావడం చదివి వినిపించాను. ఊకె పరేషాన్ గాకు అని కొట్టిపారేశాడు.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం పచ్చిపులుసు అన్నం కలుపుకుంటూ చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. కారం మండిందట. పట్టి చూస్తే చూపుడు వేలి కొస ఎండిపోయి పగుళ్లు తేలింది. గోరు మీద నిలువు గీతలు. ఆ వేలు పోతే ఆయన పనే పోతుంది. నేను సాకుగా పట్టుకున్న మాట నిజమై నా కంచం ముందు కూర్చుంది. బటన్ నొక్కుతున్న చెయ్యి కూడా నాదే. అంత భయంలోనూ నాకు ఇంకో మంట పుట్టింది. ఈ వేలు ఇంతమంది కోసం పగిలిందే, ఇందులో నా కోసం పగిలింది ఒక్క గీతైనా ఉందా?

తర్వాత టీచరమ్మ వచ్చిన రోజు ఆయన ఎప్పటిలాగే లోపలినుంచి నొక్కు అన్నాడు. నేను నొక్కలేదు. మళ్లీ అన్నాడు. పేషెంట్ల ముందు ఆయన్ను మీరు అనేదాన్ని, డాక్టర్ గారు అనేదాన్ని. ఆ రోజు అవన్నీ గుర్తుకు రాలేదు.

"నీ ఏలు బయటికి తియ్యి. గప్పుడు నొక్కుత. లేకుంటే నువ్వే ఒచ్చి నొక్కుకో."

బెంచీ మీద కూర్చున్నవాళ్లంతా నన్నే చూశారు. లోపలినుంచి టీచరమ్మ గొంతు వినబడింది, నేనే పట్టుకుంటాను సార్ అని. పట్టుకుంది. ఓక్కుమనలేదు, వేలు జారలేదు, ఫిల్మ్ అద్దంలా వచ్చింది. అంటే ఇన్నాళ్లూ ఆమెకు చేతనయ్యేదే కదా! దానికి వేరే ఏడ్చాను.

సికింద్రాబాద్‌లో చర్మం డాక్టరుకు చూపిస్తే, ఇది కిరణాల వల్లో, తడి ఫిల్ములు పట్టుకుని చూసినప్పుడు వాటిని కడిగే మందు తగిలో కచ్చితంగా చెప్పలేనన్నాడు. రెండింటికీ దూరం ఉండమన్నాడు. ఈసారి మా ఆయన మాట విన్నాడు. పేషెంటే కొరికి పట్టుకునే ప్లాస్టిక్ ముక్కలు తెప్పించాడు. పగుళ్లు మెల్లగా మానాయి, గీతలు మాత్రం ఉండిపోయాయి. గండిమైసమ్మ నుంచి సొంత మేనత్త వచ్చి బతిమాలినా ఆయన వేలు పెట్టలేదు. నేను గెలిచానని చుట్టాలందరికీ చెప్పుకున్నాను.

రెండు వేల సంవత్సరం దాటాక, క్లినిక్‌కు అద్దాల తలుపులు వచ్చి, నా పనికి వేరే అమ్మాయి వచ్చాక, నాకు కింది దవడలో పన్ను నొప్పి లేచింది. ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. ప్లాస్టిక్ ముక్క నాలుక కింద గుచ్చుకుంది. ఓక్కుమని ఉమ్మేశాను. ఇంకోసారి పెట్టాడు, ఇంకోసారి ఉమ్మేశాను.

"ఒక్కసారి నువ్వు పట్టుకోరాదు," అన్నాను.

ఆయన కళ్లద్దాలు పైకి జరిపి నన్ను చూశాడు. "ఎవ్వలకు పట్టొద్దంటివి. ఎవ్వలకు పడ్తలేను."

"నేను ఎవ్వలల్ల ఒకదాన్నా?"

కిరణాలు తగలకుండా ఆయన బరువైన సీసం ఏప్రన్ నా మెడ దాకా లాగి సర్ది, ముక్కను మళ్లీ నోట్లో పెట్టి, తలుపు దగ్గరగా వేసుకుని గోడ అవతలికి పోయాడు. నేను ఎన్నో ఏళ్లు నిలబడిన చోటికి. గదిలో నేనూ, ఆ మెషినూ. ఒకప్పుడు మేడ్చల్‌లో పన్ను నొప్పి వచ్చిన ప్రతి మనిషికీ ఈ గదిలో తోడుగా మా ఆయన ఉన్నాడు. తలుచుకుంటే వాళ్లందరి మీదా ఒక్కసారే ఈర్ష్య పుట్టుకొచ్చింది, ముసలివాళ్ల మీదా, పిల్లల మీదా.

మెషిను గుర్రుమని ఆగింది. చెప్పిన మాట విన్నందుకు ఒక మనిషి మీద అంత కోపం రావడం నాకు అదే మొదలు. ఆయన నా మాట వినని రోజుల్లోనే ఈ పన్ను నొప్పి వచ్చి ఉంటే ఎంత బాగుండేది.