మంగళవారం నుంచి కనపడని టెంక

ఐస్‌క్రీం డబ్బాలో మూడు టెంకలుండాలి, నాలుగోది కుక్కపిల్ల దగ్గరుండాలి. మంగళవారం మధ్యాహ్నం చూస్తే డబ్బాలో మూడూ ఉన్నాయి, కుక్కపిల్ల దగ్గర ఏమీ లేదు. పొద్దున నా చేత్తో నేనే ఇచ్చాను. ఇచ్చి, పొయ్యి మీద పాలు పొంగుతాయని వంటింట్లోకి పరుగెత్తాను. పాలైతే పొంగలేదు.

మామిడి టెంకలు ఫ్రీజర్లో ఎందుకున్నాయో ముందు చెప్పాలి. మా వారిది నూజివీడులో మామిడికాయల వ్యాపారం. యార్డులో ఖాళీ ట్రేల వెనక ఒక ఊరకుక్క ఈనితే, అందులో ఒక పిల్లని ట్రేలోనే పెట్టుకుని ఇంటికి తెచ్చారు. సీజను ఊపందుకునేసరికి దానికి పాలపళ్ళు ఊడి గట్టిపళ్ళు రావడం మొదలైంది. ఊరంతా ఒక రకం పళ్ళ సీజనైతే మా ఇంట్లో ఇంకో రకం. కొరకరాని కొయ్య అంటారే, అలాంటి కొయ్య మా ఇంట్లో ఒక్కటీ లేదని తేలిపోయింది. కుర్చీ కాళ్ళు, మంచం కోళ్ళు, అత్తయ్యగారి చేతికర్ర, అన్నీ అయ్యాయి. చిగుళ్ళు ఎర్రగా వాచిపోయాయి. గచ్చు మీద చిన్న చిన్న రక్తపు చుక్కలు. అరవదు. వచ్చి నా మోకాలికి దవడ ఆనించి రుద్దుకుంటుంది. అది చూస్తే నా పళ్ళు జివ్వుమనేవి.

తడిగుడ్డ మెలిపెట్టి ఫ్రీజర్లో గడ్డకట్టించి ఇమ్మని ఫోన్లో ఎవరో చెప్పారు. అత్తయ్యగారికి ఆ వైద్యం నచ్చలేదు.

"గుడ్డేంటమ్మా, అప్రతిష్ట! మీ ఆయనకి పళ్ళొచ్చేటప్పుడు టెంక చేతికిచ్చి కూర్చోబెట్టేదాన్ని. పూటంతా చీకుతూ కూర్చునేవాడు."

"ఇప్పటికీ అంతే కదండీ" అన్నాను.

కానీ మాట మనసుకి పట్టింది. అక్కడ నా తెలివి కూడా కాస్త కలిపాను. చిన్నరసాన్ని మేం కోసుకు తినం. పిసికి, ముచ్చిక దగ్గర కొరికి, రసం జుర్రేస్తాం. చివరికి పీచుతో టెంక మిగులుతుంది, పాత టూత్‌బ్రష్షులా. దాన్ని కడిగి, ఎండబెట్టి, ఫ్రీజర్లో పెట్టి ఇస్తే చల్లదనానికి చల్లదనం, చిగుళ్ళకి తోముడు. బంగినపల్లి టెంకైతే వెడల్పు, ఆ నోటికి మింగుడుపడేది కాదు. కానీ నూజివీడులో ఉంటూ చిన్నరసాన్ని కాదని కుక్కకి బంగినపల్లి పెడతామా? మా ఊరి అభిమానం అలాంటిది. వారం రోజులు కుర్చీలు బతికాయి. పక్కింటావిడకి చెప్పాను, పాలబ్బాయికి చెప్పాను, మా చెల్లెలికి ఫోన్ చేసి మరీ చెప్పాను. టెంకల డాక్టరమ్మనైపోయాను.

అందుకే మంగళవారం మధ్యాహ్నం ఎవరికీ ఏమీ చెప్పలేకపోయాను.

మంచాల కింద చీపురు పెట్టి లాగాను. బియ్యం డ్రమ్ము జరిపాను. పెరట్లో తవ్వి దాచిందేమోనని మల్లె పాదులో చెయ్యి పెట్టి చూశాను. బొద్దింకలు దొరికాయి, దువ్వెన దొరికింది, టెంక దొరకలేదు.

"ఏం వెతుకుతున్నావమ్మాయ్?" అన్నారు అత్తయ్యగారు.

"చెవి దిద్దు మర అండీ."

ఆవిడ పాపం కళ్ళజోడు పెట్టుకుని, లేని మర కోసం నాతోపాటు గంటసేపు వెతికారు.

బుధవారం కుక్కపిల్ల అన్నం వాసన చూసి పక్కకి తిరిగింది. మధ్యాహ్నం వాంతి చేసుకుంది. "ఎండలమ్మా" అన్నారు అత్తయ్యగారు. "అవునండీ, ఎండలు" అన్నాను. ఆ మాట పట్టుకుని రోజంతా వేలాడాను. సాయంత్రం పెరుగన్నం నాలుగు మెతుకులు తింటే, టెంక ఎక్కడో గోడ అవతల పడి ఉంటుందని నాకు నేను చెప్పుకుని, మా వారికి చారు వడ్డించాను. ఆయన లోడింగుల గురించి ఏదో చెబుతున్నారు. నా చూపంతా మూల గోనెపట్టా మీద పడుకున్న కుక్కపిల్ల మీదే ఉంది. దాని పొట్ట లేస్తోంది, పడుతోంది. లేచినప్పుడల్లా ఊపిరి తీసుకున్నాను.

గురువారం తెల్లారాక చూస్తే అది ముందుకాళ్ళు నేలకి పరిచి, వెనకభాగం పైకెత్తి, దండం పెడుతున్నట్టు నిలబడి ఉంది. తాగిన నీళ్ళు తాగినట్టే కక్కేసింది. చిగుళ్ళు చూశాను. వారం కిందటి ఎరుపు పోయి సున్నంలా ఉన్నాయి.

"ఏవండీ, బండి తీయండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

టవల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాను. పశువుల డాక్టరు గారు పెద్దాయన. దాని పొట్ట రెండు చేతులతో నెమ్మదిగా నొక్కి చూశారు. అది మూలిగింది.

"ఏం తిందమ్మా? టెంకేమైనా మింగిందా? సీజన్లో నాకు వచ్చే కేసులు సగం ఇవే."

"మింగినట్టే ఉందండీ. ఎక్కడ ఏరుకుందో."

"ఎప్పుడు?"

ఆ ఒక్క మాటకి నిజం చెబితే అయిపోయేది. పక్కన మా వారు నిలబడి ఉన్నారు. మంగళవారం అంటే రెండు రోజులు ఏం చేశావంటారు. "ఇవాళ పొద్దునే అనుకుంటానండీ" అన్నాను.

"అయితే ఇంకా పొట్టలోనే ఉండి ఉంటుంది. వాంతులకి ఇంజక్షన్ చేస్తాను. సాయంత్రం దాకా చూసి, తగ్గకపోతే విజయవాడలో ఎక్స్‌రే తీయిద్దాం. కంగారు పడకండి."

కంగారు పడకండి అన్నా పడి ఉంటే బాగుండేది. ఇంజక్షన్ చేయించుకుని బయటికొచ్చాం. మా వారు బండి స్టార్ట్ చేశారు. నేను ఎక్కి కూర్చున్నాను. టవల్లోంచి కుక్కపిల్ల నా మణికట్టు నాకింది. నాలుక చల్లగా ఉంది. అంత చల్లగా ఉండకూడదని ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

"ఆగండి" అని దిగిపోయాను.

డాక్టరు గారు చేతులు కడుక్కుంటున్నారు. "ఇవాళ కాదండీ. మంగళవారం. ఎక్కడా ఏరుకోలేదు, నేనే ఇచ్చాను. ఫ్రీజర్లో పెట్టి మరీ ఇచ్చాను."

ఆయన కొళాయి కట్టేశారు. చేతులు తుడుచుకోలేదు. "రెండు రోజులైతే పేగులోకి దిగి ఉంటుందమ్మా. సాయంత్రం దాకా ఆగకూడదు. ఇప్పుడే వెళ్ళండి, అక్కడ నేను ఫోన్ చేసి చెబుతాను. నీళ్ళు కూడా పట్టద్దు."

మా వారు గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. యార్డుకి ఫోన్ చేసి, "లారీ సంగతి మీరు చూసుకోండి" అని, ఎవరి కారో అడిగి తెచ్చారు. సీజన్లో ఆయన యార్డు వదలడం మా పెళ్ళయ్యాక అదే మొదలు. ఆగిరిపల్లి దాటాక అడిగారు.

"రెండు రోజులు కడుపులో పెట్టుకున్నావా?"

"నేనూ, అదీ" అన్నాను.

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. చెయ్యి చాపి కారు ఏసీ తగ్గించారు, దానికి చలేస్తుందని. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. దారి పొడుగునా తోటల్లో కాయలు కోస్తున్నారు. ప్రతి చెట్టుకీ వందల టెంకలు వేలాడుతున్నట్టు కనిపించాయి.

విజయవాడలో డాక్టరమ్మ చిన్న వయసుది. ఎక్స్‌రే లైటుకి పెట్టి పెన్నుతో చూపించింది. మబ్బులో మసగ్గా కోడిగుడ్డంత నీడ. "పేగు మొదట్లోనే ఇరుక్కుంది ఆంటీ. ఇప్పుడే కోసి తీయాలి. పేగు నల్లబడి ఉంటే మాత్రం కష్టం. సాయంత్రం దాకా ఆగుంటే చూసే పని కూడా ఉండేది కాదు."

మా వారు నా వైపు చూడలేదు. చూడనందుకు ఆయనకి నేను ఈ జన్మకి రుణపడ్డాను.

తలుపు మూసేశాక చేయడానికేమీ లేదు. గోడ మీద ఏ వయసు కుక్కపిల్లకి ఏమివ్వాలో బొమ్మలతో అట్ట ఉంది. కొరకడానికిచ్చేది దాని నోటికన్నా పెద్దదై ఉండాలట. మన గోరు గుచ్చితే కాస్త దిగాలట. అది కొరుకుతున్నంతసేపూ మనిషి పక్కనే ఉండాలట. మూడుసార్లు చదివాను. పరీక్ష అయిపోయాక పుస్తకం తెరిచే విద్యార్థిని నేనే.

పేగు నల్లబడలేదు. కానీ కుట్లు నిలవాలనీ, మర్నాడు నీళ్ళు పట్టి చూస్తేగాని మాటివ్వలేననీ చెప్పిందా అమ్మాయి. దగ్గర్లోనే మా బంధువుల ఇంట్లో ఉండిపోయాం. అత్తయ్యగారికి ఫోన్ చేసి అంతా చెప్పాను.  "నేను చెప్పబట్టే కదమ్మా నువ్విచ్చావు" అన్నారు. "మీరు మనిషికిచ్చారండీ, చేత్తో పట్టుకునే మనిషికి" అన్నాను. అటు నుంచి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ నీళ్ళు పట్టమంటే, మా వారు చెంచా తీసుకున్నారు. మొదటి చెంచా పక్కనుంచి కారిపోయింది. రెండోది గుటక వేసింది. "కక్కకుండా ఉంటుందేమో ఇక పది నిమిషాలు చూడాలి" అందా అమ్మాయి.

ఇద్దరం బల్లకి అటొకరం, ఇటొకరం నిలబడ్డాం. అది ఒకసారి మెడ చాచింది. మా వారు నా చెయ్యి పట్టుకున్నారు, నొప్పి పుట్టేంత గట్టిగా. మెడ మళ్ళీ వాలిపోయింది. గోడ గడియారం వైపు చూడటానికి ధైర్యం చాలక, దాని పొట్ట మీద వెంట్రుకలు గీసిన చోట గులాబీరంగు చర్మాన్నే చూస్తూ నిలబడ్డాను.

"పన్నెండు నిమిషాలైంది ఆంటీ" అంది డాక్టరమ్మ. "ఇంకో చెంచా పట్టండి."