వదిన పసుపునీళ్లు, నా బ్యాకప్పు

మా ఇంట్లో మేడ మీద గది నాది. అక్కడ ఒక పాత కంప్యూటరు మీద నాలుగు వర్చువల్ మెషీన్లు నడుపుతుంటాను. ఉన్నది ఒక్క పెట్టే గాని, లోపల నాలుగు కంప్యూటర్లు ఒకే ఇంట్లో వేరుకాపురాలు పెట్టినట్టు ఎవరి పని వాళ్లు చేసుకుంటాయి. ఆఫీసు పని ఇంటినుంచే చేసే నాకు అదొక పిచ్చి. వాటిలో మూడింటివల్ల లోకానికి ఏ ఉపయోగమూ లేదు. నాలుగోదాంట్లో మాత్రం మా వదిన పూతరేకుల ఆర్డర్లు ఉండేవి.

వదినకి పుట్టిల్లూ మెట్టినిల్లూ ఆత్రేయపురమే. కింద వసారాలో కూర్చుని, పల్చటి పిండిలో ముంచిన గుడ్డని వేడెక్కిన కుండ మీద పరిచి లాగి రేకులు తీస్తుంది. ఫోన్లో చెప్పిన ఆర్డర్లన్నీ బుర్రలోనే గుర్తుపెట్టుకునేది. ఈ రోజుల్లో ఇంకా ఇదేంటని ఎగతాళి చేసి, ఒక వెబ్‌సైటు తయారుచేసి నా పెట్టెలో పెట్టాను. ఎప్పుడైనా పోతే ఎలా అని ఆవిడ అడిగింది. రోజూ బ్యాకప్పు అవుతుంది, అంతటికీ ఇంకో నకలు విడిగా ఉంటుంది, పోయే ప్రశ్నే లేదన్నాను. పొద్దున్నే బ్యాకప్పు సక్సెస్ అని వచ్చే మెయిలు అన్నయ్యకి కూడా చూపించి మురిసిపోయేవాణ్ని. ఆవిడ నన్ను నమ్మి, గుర్తుపెట్టుకోవడం మానేసింది.

దసరాకి ఆయుధపూజ రోజున మా ఇంట్లో పనిముట్లన్నిటికీ సెలవు. వదిన కుండకీ, అన్నయ్య మోటారుసైకిలుకీ, నా కంప్యూటరుకీ ఆ రోజు పని చెప్పకూడదు. పెట్టెని నేనే ఆపేశాను. వదిన పైకొచ్చి దానికి గంధం, కుంకుమ పెట్టి, మామిడాకుతో నాలుగు చుక్కలు పసుపునీళ్లు చల్లింది.

"ఏం మరిదీ, దీనికి పులిహోర కూడా పెట్టమంటావా?" అని నవ్వింది.

మర్నాడు ఆన్ చేస్తే లోపలి డిస్కు లేవలేదు. ఏళ్ల తరబడి ఆగకుండా తిరిగిన డిస్కు ఒక్కసారి చల్లబడితే మళ్లీ లేవకపోవడం ఈ పనిలో ఉన్నవాళ్లకి కొత్త కాదు. నాకూ కొత్త కాదు. రాజమండ్రి వెళ్లి కొత్త డిస్కు తెచ్చి, అల్మారాలో విడిగా పెట్టిన ఇంకో డిస్కులోని బ్యాకప్పు నుంచి నాలుగు మెషీన్లనీ మళ్లీ నిలబెట్టాను. వదిన వెబ్‌సైటు శుభ్రంగా తెరుచుకుంది. లోపల ఆర్డర్లు మాత్రం లేవు. దీపావళికి ఎవరికి పంపాలో, ఏ ఊరు పంపాలో, ఎన్ని పెట్టెలో, ఒక్కటీ లేదు.

అప్పటికే అందరూ మేడ మీదికి చేరారు. పక్క వీధిలో ఉండే పెద్దమ్మ కూడా వచ్చింది. బ్యాకప్పు గురించి అన్నాళ్లు కోసిన కోతలు గుర్తొచ్చి నాకు ఒళ్లు మండింది.

"కరెంటు వస్తువు మీద నీళ్లు చల్లితే ఇంకేమవుతుంది వదినా? ఆ మాత్రం తెలీదా?" అన్నాను.

వదిన పమిట కొంగు చేతికి చుట్టుకుంటూ, "తెలియక చేశానండీ," అంది. నా కంటే పెద్దది. నన్ను ఏనాడూ అండీ అనలేదు.

వాళ్లు కిందికి వెళ్లాక సెట్టింగులు తెరిచి చూశాను. పెట్టెలో ఉన్న ఒక్క డిస్కునే పంచి, వదిన మెషీన్‌కి రెండు డిస్కులుగా ఇచ్చాను. ఆర్డర్లు రెండోదాంట్లో ఉండేవి. ఒకప్పుడు బ్యాకప్పుకి మరీ ఆలస్యమవుతోందని విసుక్కుని, ఆ రెండో డిస్కుకి టిక్కు తీసేశాను. తరవాత పెట్టొచ్చులే అనుకుని మరిచిపోయాను. మెయిలు అబద్ధం చెప్పలేదు, నేను చెయ్యమన్నంత వరకు చేసి సక్సెస్ అంది. ఆ బ్యాకప్పు నుంచి మెషీన్ని లేపి చూసుకునే పని నేను ఒక్కసారీ చెయ్యలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, పసుపునీళ్ల మీద పడ్డాను.

వెంటనే కిందికి దిగి చెప్పాల్సింది. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

ఫోను చేసి మాకు ఇన్ని రావాలని ఎవరు చెప్పినా వదిన మారుమాట్లాడకుండా నమ్మి పంపేది. ఫోను చెయ్యనివాళ్ల సంగతి ఎవరికీ తెలీదు. పండగ దగ్గరపడ్డాక వాళ్లూ మొదలుపెట్టారు, తిట్టడానికి. మెట్ల మీద నిలబడితే ఆవిడ మాటలు నాకు వినపడేవి. "పొరపాటు నాదేనండి, నా చేతులారా చేశానండి," అని ఎవరెవరికో చెప్పుకునేది. ఆ మాటలు విన్నప్పుడల్లా నా మీద నాకే రోత పుట్టేది.

దీపావళి నాడు అందరం భోజనాలకి కూర్చున్నప్పుడు చెప్పేశాను. నింద అందరి ముందూ వేశాను కాబట్టి అందరి ముందే చెప్పాలనుకున్నాను.

"వదిన తప్పేం లేదు. ఆర్డర్లకి బ్యాకప్పు తీసేసింది నేనే. నీళ్లకీ దానికీ సంబంధం లేదు."

పెద్దమ్మ కళ్లు తుడుచుకుంది.

"చూశారా, వదిన మాటలు పడుతుంటే చూడలేక తన నెత్తిన వేసుకుంటున్నాడు. ఇలాంటి మరిది ఎంతమందికుంటాడు?" అంది.

అన్నయ్య నా భుజం తట్టాడు. నేను కంగారుగా రెండో డిస్కు గురించి, టిక్కు గురించి చెప్పాను. ఎంత విడమరిచి చెబితే నా మంచితనం అంత పెరిగిపోయింది. ఇంకా గట్టిగా చెప్పి ఉండాల్సింది. కానీ పెద్దమ్మ మాట నాకు లోలోపల తియ్యగా తగిలింది. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా, నిజం అదే.

వదిన నెయ్యి గిన్నెతో నా ముందుకొచ్చి వంగింది.

"ఊరుకో మరిదీ. నా కోసం నువ్వు అబద్ధాలాడక్కర్లేదు. ఇంకెప్పుడూ నీ వస్తువులు ముట్టుకోను," అంది.

అందరికీ వేసినదానికంటే నాకు ఒక గరిటె ఎక్కువే వేసింది. నేను తల వంచుకుని అన్నం కలుపుకున్నాను.