మూడో కణుపు కాడ వంపు

క్రోసూరు నుంచి శ్రీశైలం పోతుంటే, మాచర్ల దాటాక అడవి దారిలో మా బస్సు టైరు పంచరైంది. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. రోడ్డు పక్కన గుడిసె ముందు, నాకంటే నాలుగైదేళ్ళు చిన్నవాడేమో, ఒక చెంచు పెద్దాయన సన్నటి వెదురు పుల్లను నిప్పుల మీద కాచి, వంపు తీసి బాణం చేస్తున్నాడు. పోయి దగ్గర కూర్చున్నాను.

"అక్కా, నా కళ్ళకు పొర కమ్మింది. తడిమి చూస్తాననుకో, అయినా తిన్నగుందో లేదో నువ్వు కంటితో చూసి చెప్పు" అని పుల్ల నా చేతికిచ్చాడు.

అంతలో కండక్టరు ఎక్కమని కేకేశాడు. సరిగా చూడకుండానే, "చానా తిన్నగుందిలే తమ్ముడా" అనేశాను.

ఆయన పుల్లను కింది పెదవి మీదుగా మెల్లగా లాగాడు. "మూడో కణుపు కాడ వంగింది. ఇప్పటికే బాగా కాచినా, ఇంక కాస్తే మాడిపోద్ది" అంటూ పుటుక్కున రెండుగా విరిచేశాడు.

చిరిగిన గోనెసంచి కూడా పారేయని మనిషిని నేను. ప్రాణం ఉసూరుమంది. "ఏందయ్యా ఆ పని! ఏ చిక్కుడు పాదుకో ఊతమయ్యేది గదా!"

"ఉంచితే ఎప్పుడో తొందర్లో అదే చేతికొస్తదక్కా. నా కొడుకు తేనెకు అడవిలోకి పోతాడు. ఎలుగుబంటి ఎదురైనప్పుడు వాడి కాడ ఉండేది ఆ వంకరదే అయితే?"

నన్ను ఒక్క మాట కూడా అనలేదాయన. నాకే తలెత్తబుద్ధి కాలేదు.

"ఇంకోటి ఇట్టియ్యి" అన్నాను. బస్సులోవాళ్ళు గొణుగుతున్నా కదలకుండా, ఒక కన్ను మూసి, కొస నుంచి కొస దాకా చూశాను.

"రెండో కణుపు కాడ ఇంకాస్త కాచు తమ్ముడా" అని చెప్పి అప్పుడు లేచాను.