పూత గది గుమ్మం దగ్గర

మా మేడమ్ పోయిన కబురు నాకు టీ వేళకు తెలిసింది. మా పనిగదిలోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు. బయట అరలో పెట్టి, టోపీ, మాస్కు తగిలించుకుని లోపలికి పోతాం. బయటికొచ్చి చూస్తే ఆమె భర్త చేసిన కాల్స్ వరసగా ఉన్నాయి. తెల్లవారుజామున గుండెపోటట, దవాఖానకు చేరేలోపే అయిపోయిందట. ఆయనకు ఏం చెప్పానో గుర్తులేదు. "ఇక ఆ కొత్త పూత ట్రయల్ ఎవరు చూస్తారు" అని నా మనసులో ముందుగా మెదిలిన మాట మాత్రం గుర్తుంది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇబ్రహీంపట్నం దగ్గర మాదొక చిన్న కంపెనీ. కంటికి కనిపించని అతినీలలోహిత కాంతి ఉంటుంది, మేం యూవీ అంటాం. ఆ వెలుగు పోయే అద్దాల మీద మేం పూతలు వేస్తాం. చూస్తే పూత ఉందని కూడా తెలియదు, కానీ అది ఉంటేనే వెలుగు వృథా కాకుండా అద్దం దాటుతుంది. చిక్కంతా ఆ వెలుగుతోనే. అద్దానికి రవ్వంత నూనె ఆవిరి అంటినా దాన్ని మాడ్చి మచ్చ చేస్తుంది. మచ్చపడ్డ చోట వేడెక్కి పూత లేచిపోతుంది. దానికి తోడు మా పూతలు వానాకాలం దాటేవి కావు, పొరల మధ్యకు తేమ దూరేది. మేడమ్ తన చివరి ఏళ్ళన్నీ వీటితోనే కుస్తీ పట్టారు.

"పూత ఎవరైనా వేస్తారండీ. నిలబెట్టడమే పని," అనేవారు. గుంటూరు వైపు మనిషి, వనస్థలిపురంలో స్థిరపడ్డారు. గది ఊడ్చేవాళ్ళను కూడా "అండీ" అనే పిలిచేవారు. మా ఊళ్ళ వాళ్ళకు మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత అలవాటైంది.

రోజూ గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ వాసన చూసి లోపలికి పంపేవారు. తలనూనె, అత్తరు, మిర్చి బజ్జీ, ఏ వాసనున్నా వెనక్కే. ఒకసారి అద్దాలు కడిగే షాహీన్ అక్కను ఆపి, "నిన్నటి నిఖా బాగా జరిగినట్టుందండీ, అత్తరు ఇంకా ఇల్లు చేరలేదు," అన్నారు.

"పొద్దుగాల్నే తానం చేసిన మేడమ్. ఇంకేం జెయ్యమంటరు?" అంది అక్క.

"ఏం చెయ్యకండి. ఇవాళ నాతో కూర్చుని ఆ పెళ్ళి కబుర్లు చెప్పండి," అన్నారు మేడమ్.

బోనాల మర్నాడు ఊరంతా సాంబ్రాణి వాసనే. ఆ రోజు యంత్రంలో అద్దాలు పెట్టనిచ్చేవారే కాదు, "అద్దాలకీ పండగేనండీ" అనేవారు. ఆమె తలలో పువ్వు చూసిన గుర్తు నాకు లేదు. "గింత మడి ఏందిరా" అని మావాళ్ళు వెనక గొణిగితే నేనూ నవ్వేవాణ్ణి.

పోయే ముందు ఆమె కొత్త పద్ధతి ఒకటి తేల్చారు. పొరలు నెమ్మదిగా వేయాలి, పైన తేమను ఆపే మరో పొర వేయాలి, తర్వాత నిదానంగా కాచాలి. చిన్న ముక్కల మీద అది బాగా నిలిచింది. అసలు అద్దాల మీద వేసి యూవీ దీపం కింద పెట్టి చూడటమే మిగిలింది. అద్దాలు కడిగి పళ్ళెంలో పేర్చాం. అంతలో ఈ కబురు.

అంత్యక్రియలైన మర్నాడు పూత గది ముందున్న వరండాలో ఆమె ఫోటో పెట్టాం. షాహీన్ అక్క మల్లెదండ తెచ్చింది. ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర మంచి వాసనవి చూసి అగరుబత్తులు నేనే కొన్నాను. పూత గది ఆమెకు కనబడాలని దాని తలుపు తీసే ఉంచాం. అందరం ఏడ్చాం. ఇంతమందిలో ఒక్కరంటే ఒక్కరికీ తట్టలేదు.

"మేడమ్ పేరు నిలబెట్టాలె" అనుకుంటూ ఆ సాయంత్రమే అద్దాలు యంత్రంలోకి ఎక్కించాం. తర్వాత యూవీ దీపం కింద పెడితే అవి టీ రంగుకు తిరిగాయి. అంచుల్లో పూత పొలుసులా లేచింది. ఆమె పద్ధతే తప్పనుకున్నాం. అవును, అనుకున్నాం. నిలవలేదని పైవాళ్ళకు చెప్పడానికి కూడా సిద్ధమయ్యాను. ఆ పూటే ఫోటో ముందు వాడిన దండ తీసి, బల్ల మీది అగరుబత్తుల బూడిద తుడుస్తున్నాను. వేళ్ళు ఘాటుగా వాసనేస్తున్నాయి. తలెత్తితే షాహీన్ అక్క నన్నే చూస్తోంది.

"గుమ్మంల మేడమ్ ఉంటే ఆ రోజు మనల్ని లోపలికి రానిస్తుండెనా అన్నా?" అంది.

బతికినన్నాళ్ళూ ఆమె ఏది వద్దన్నారో అదే ఆమెకు దండం పెట్టి మరీ చేశాం. పైగా తప్పు ఆమె నెత్తిన వేయబోయాం. ఇంత సిగ్గు నేనెన్నడూ పడలేదు.

కర్మలయ్యాక ఆమె భర్త వచ్చారు, ఆమె స్వెట్టరు, టిఫిన్ డబ్బా తీసుకుపోవడానికి. సంకోచిస్తూనే అడిగారు. "ఆవిడ చివరి పూత ఏమైందండీ? నిలబడిందా?"

"మేమే చెడగొట్టినం సార్. ఫోటోకు అగరుబత్తులు ముట్టిచ్చినం. గా పొగ అద్దాలకు పట్టింది."

ఆయన స్వెట్టరు మడత సర్దారు. "ఇంట్లోనూ వెలిగించనిచ్చేది కాదండీ. ఆ పొగ మీ చొక్కాకి, చొక్కా నుంచి నాకు, నా నుంచి అద్దాలకి అనేది. ఇప్పుడు వద్దనేవాళ్ళు లేరుగా, ఆవిడ పోయినప్పట్నుంచీ వెలిగిస్తూనే ఉన్నాను."

గదంతా కడిగామని, గాలి ఫిల్టర్లు మార్చామని, మిగిలిన అద్దాలతో అదే పద్ధతి మళ్ళీ ఇవాళే మొదలుపెడుతున్నామని చెప్పాను. లోపలికొచ్చి చూడమన్నాను. ఆయన గుమ్మం దాకా వచ్చారు. ఆగి, చొక్కా కాలరు ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూసుకున్నారు. ఒక అడుగు వెనక్కి వేశారు.

"వద్దండీ. మీరు కానివ్వండి," అన్నారు.

ఇది రాస్తున్న వేళకు ఆ అద్దాలు యూవీ దీపం కింద ఉన్నాయి. ఇప్పటికైతే తేటగానే ఉన్నాయి. ఆయన వచ్చిన రోజు యంత్రం తలుపు మూసి వెనక్కి తిరిగాను. ఆయన ఇంకా బయటే, కిటికీ అద్దం అవతల నిలబడి చూస్తున్నారు. చేతి మీద ఆమె స్వెట్టరు ఉంది. తన ఊపిరి అద్దానికి తగలకుండా ముఖం కాస్త ఎడంగా పెట్టుకున్నారు.