మున్షీ తాత చెప్పిన ఆఖరి మాట

నిన్న మనవరాలు ఫోన్‌లో ‘సోలేస్’ అనే ఇంగ్లీషు మాటకు చిటికెలో అర్థం చూసింది. నాకేమో వాము కషాయం వాసన ముక్కుకు తగిలింది.

మా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అరవై తొమ్మిది ఉద్యమంలో బడులు మూతపడి పాఠం చెప్పే దిక్కు లేకుండా పోయింది. మా మరిపెడ వాడలో ఇంగ్లీషు తెలిసింది నైజాం కచేరీలో పనిచేసిన మున్షీ తాతకే. ఆయన అర్థాలు ఉర్దూలోనే చెప్పేవాడు. ఆ మాటను ఇంటికి మోసుకెళ్తే, ఉర్దూ ఇళ్లలో గాజులమ్మే మా అవ్వ తెలుగు చేసేది. (ఆమె బేరాల సంగతి వేరే కథ.)

అప్పటికే మెట్రిక్ రెండుసార్లు తప్పాను. “ఈసారి గిన తప్పితే అరక పట్టుడే,” అన్నాడు బాపు.

రేపు పరీక్ష అనగా, పాతకాలపు ఇంగ్లీషు పద్యాల్లోని తెలియని మాటలు రాసుకుని తాత ఇంటికి ఉరికాను. తాత మంచంలో ఊపిరందక ఎగపోస్తున్నాడు, గదంతా వాము కషాయం వాసన.

“మనిషి పానం మీదుంటే నీకు మాటలు గావాల్నా? పో!” అని ఆయన భార్య కసిరింది.

“అడగనియ్యి బేగం,” అన్నాడు తాత.

“సోలేస్ అంటే ఏంది తాతా?”

“తసల్లీ,” అని కళ్లు మూసుకున్నాడు.

“ఇంకొక్కటి తాతా, నీ కాల్మొక్త!” అని ఏడ్చాను. తెల్లవారేసరికి ఆయన లేడు.

“తసల్లీ అంటే మనసు నిమ్మళమగుడు బిడ్డా,” అంది అవ్వ, కళ్లు తుడుచుకుంటూ.

పరీక్షలో ఆ ఒక్క మాటే రాయగలిగాను. అరక పట్టాను. చాలు మీద చాలు దున్నుతూ ఆ మాటే అనుకునేవాణ్ణి. అర్థం తెలిసింది కానీ, అది మాత్రం దొరకలేదు.