అన్న తుమ్మ బొంగరం

బొంగరం కొనగానే ఆటకు పనికొస్తుందనుకునే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బజారులో దొరికేది రంగు పూసిన కట్టెముక్క, అంతే. దాని అడుగునున్న ఇనుప మొల పీకాలి, వేరేది దిగ్గొట్టాలి, అరగదీయాలి, తాడు పేనాలి. అప్పుడు గానీ అది కొట్లాటకు దిగదు. ఎనభైల మొదట్లో, మట్టెవాడలోని మా గల్లీలో, ఆ పనులన్నింటికీ మేస్త్రీని నేనే. వయసు పదకొండేళ్లు. మగపిల్లలంతా పాడైన బొంగరాలు పట్టుకుని నా దగ్గరికే వచ్చేవాళ్లు, ఆటలోకి మాత్రం రానిచ్చేవాళ్లు కాదు. ఆడపిల్లనట!

మాది మగ్గం ఇల్లు. నాన్న నేసేవాడు, అమ్మ దారం కండెలు చుట్టేది. అన్న నాకంటే రెండేళ్లు పెద్ద. అన్నకు తన తుమ్మ బొంగరమంటే ప్రాణం. ఎండాకాలం సెలవులంతా ఒక వడ్రంగి దగ్గర పొట్టు ఊడ్చి, పనిముట్లు అందించి చేయించుకున్నాడు. బజారు బొంగరాలు తేలిక కట్టెవి, ఒక్క గట్టి దెబ్బకు పగులుతాయి. తుమ్మ బరువు. ఒకసారి తిరగడం మొదలుపెట్టిందంటే పక్కది వచ్చి తగిలినా చలించదు.

ఇక మొల సంగతి. పొడుగు మొల ఎదుటి బొంగరంలోకి లోతుగా దిగుతుంది, కానీ బొంగరం తొందరగా ఒరిగిపోతుంది. పొట్టి మొలైతే చాలాసేపు తిరుగుతుంది, దెబ్బలో మాత్రం పస ఉండదు. నేను మధ్యరకం పెట్టేదాన్ని. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తి దారం వేసే నాడెకు రెండు కొసలా ఇనుప మొనలుంటాయి. నాడె అరిగి మూలకు పడితే ఆ మొనలు నావే. దిగ్గొట్టే ముందు సన్నటి బెజ్జం చేయాలి, లేకపోతే కట్టె చీలుతుంది. వంకరగా దిగిందా, బొంగరం వణుకుతుంది. అందుకే తిరిగే బొంగరాన్ని అరచేతిలోకి ఎత్తుకుని చూసేదాన్ని. చక్కిలిగింత పెడితే సరిగ్గా దిగినట్టు, గీరితే మళ్లీ పీకాల్సిందే. ఉన్నచోటనే కదలకుండా తిరిగితే నిద్రపోయిందనేవాళ్లం. ఆ నిద్ర చూస్తూ కూర్చుంటే నాకు ఆకలి కూడా వేసేది కాదు.

ఒక ఆదివారం వెనక గల్లీ వాళ్లతో మావాళ్లు పోటీ ఒప్పుకున్నారు. సరిగ్గా ఆ పొద్దునే అన్నకు జ్వరం. దవాఖానకు పోయొచ్చి, మందు వేసుకుని పడుకున్నాడు. ఒక్కరు తక్కువైనా మా గల్లీ ఓడినట్టే.

"ఎవలు లేకుంటె ఏంజేస్తం? గీ పోరినన్న నిలబెడుదాం," అన్నాడు మావాళ్లలో ఒకడు.

"గీ పోరి అంటే ఎవలు రా? నీ బొంగరానికి మొల కొట్టిందెవలు?" అన్నాను. వాడు తన బొంగరాన్ని వీపు వెనక్కి దాచుకున్నాడు.

అన్న తలగడ పక్కనున్న తుమ్మ బొంగరం మెల్లగా తీశాను. లేపి అడగలేదు. అడిగితే ఇవ్వడని తెలుసు. జేబులో నాది కూడా ఒకటి వేసుకున్నాను, ఎవరో పారేస్తే సరేసు జిగురుతో అతికి నిలబెట్టుకున్న పగులు బొంగరం.

ఆట సులువే. నేల మీద గిరి గీస్తారు. విసిరిన బొంగరం తిరగకపోతే దాన్ని గిరిలో పెట్టాలి. మిగతావాళ్లు వంతులవారీగా తమ బొంగరాలను దాని మీద విసిరి మొలతో కొడతారు. ఎవరి దెబ్బకైనా గిరి దాటి బయటపడితే బతికినట్టు. దాటేలోపు పగిలితే ఇక అంతే. రెండేసి బొంగరాలున్న వాళ్లు రెండోదానితో తమ వంతు కొట్టవచ్చు.

అక్కడ చేశాను నా తెలివైన పని. కాదు, ముందురోజే చేశాను. మా ఇంట్లో గంజి పెట్టని పడుగు దారం మగ్గమెక్కదు. గంజి పడితేనే దారానికి బలమని పుట్టినప్పటి నుంచి వింటున్నాను. అందుకని అన్న కోసం కొత్తగా పేనిన బొంగరం తాడుకు రెండుసార్లు గంజి పట్టించి, ఎండలో ఆరబెట్టాను. తీగలాగా నిగనిగలాడింది. మురిసిపోయాను.

మొల దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టి, విసిరాను. గంజి తాడు బొంగరాన్ని పట్టుకుంటేగా! సర్రున జారిపోయింది. అన్న ప్రాణం లాంటి బొంగరం రాయిలా కిందపడి, రెండు దొర్లులు దొర్లి ఆగిపోయింది. గల్లీ అంతా ఒకటే నవ్వు. దాన్ని తీసుకెళ్లి గిరి మధ్యలో పెట్టారు.

వెనక గల్లీ పొడుగుపిల్లవాడిది వేలంత మొల. మొదటి దెబ్బకు రంగు లేచింది. ఇంకొకడి దెబ్బకు చిన్న పెచ్చు ఎగిరింది. పగిలిన బొంగరాన్ని జ్వరంలో ఉన్న అన్న చేతిలో ఎట్లా పెట్టాలో నాకు తోచలేదు.

"నీ వంతు. కొడ్తవా, ఇంటికి పోతవా?" అన్నాడు పొడుగుపిల్లవాడు. నా తర్వాతి వంతు వాడిదే.

"జర ఆగు," అని బోరింగు దగ్గరికి ఉరికాను. తాడును నలిపి నలిపి గంజంతా కడిగాను. గట్టిగా పిండి, దుమ్ములో దొర్లించాను. ఇప్పుడు తాడు మెత్తబడి, గరుకుగా చేతికి అంటుకుంది. నా అతుకు బొంగరానికి చుట్టు పక్కన చుట్టు ఆనించి బిగించాను.

మెల్లగా తాకితే తుమ్మ బొంగరం కదలదు. గట్టిగా నెత్తిన కొడితే నా చేతులతో నేనే పగలగొట్టినట్టు. వాడి వంతు వస్తే ఎలాగూ పగులుతుంది. నెత్తి వదిలేసి పక్క బుగ్గకు గురిపెట్టి, ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. ఠక్కుమంది. తుమ్మ బొంగరం ఎగిరి గిరి దాటి మోరీ కాలువ అంచున పడింది. నా అతుకు బొంగరం గిరి మధ్యలో నిద్రపోయింది. నేను వేసిన గంతులకు ఒక చెప్పు ఎటో పోయింది.

ఇంటికొచ్చేసరికి అన్న లేచి కూర్చుని తలగడ కింద వెతుకుతున్నాడు. బొంగరం చేతిలో పెట్టాను. తిప్పి తిప్పి చూశాడు. పక్కనున్న లోతు గుంట మీద బొటనవేలు ఆగింది.

"గిది ఎవలు కొట్టిన్రు?"

"నేనే," అన్నాను. తాడు జారడం, గిరి, పొడుగుపిల్లవాడు, అంతా ఒక్క ఊపిరిలో చెప్పి ఏడ్చేశాను.

"తాడుకు గంజి పెట్టినవా?" అని అడిగి అన్న నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. "జ్వరమున్నోన్ని గట్ల నవ్వియ్యకు బిడ్డా," అని అమ్మ వచ్చి నన్నే కోప్పడింది.

మరుసటి ఆదివారానికి జ్వరం తగ్గింది. అన్న గల్లీలోకి నన్నూ వెంటబెట్టుకుని వెళ్లి, అందరి ముందూ తుమ్మ బొంగరం నా చేతిలో పెట్టాడు.

"మా చెల్లె ఆడ్తది. ఒద్దంటె నేను గూడ ఆడ," అని గిరి గీయడానికి వంగాడు.